పాలమూరు కొయ్య, నల్లగొండ దారం

ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాల ఊళ్లలో పెంకుటిళ్లు, మట్టి మిద్దెలు ఒక్కటొక్కటిగా నేలమట్టమై స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. కూల్చిన ఇంట్లోంచి దూలాలు, దంతెలు, కంబాలు, దర్వాజలు బయటపడతాయి. చెక్కడం పని ఉన్న దర్వాజ అయితే పట్నం శివార్లలోని పాత సామాన్ల దుకాణానికి చేరుతుంది. మిగతాది ట్రాక్టరు లెక్కన పోయి పొయ్యి కిందనో ఇటుక బట్టీలోనో కాలిపోతుంది. అదే జాగాలో కట్టిన కొత్త హాలు గోడకు మాత్రం లేజరు యంత్రం కోసిన ఎండీఎఫ్ పలక, రెజిన్ పోసిన గడియారం వచ్చి చేరతాయి. తాతల కాలం నుంచి ఆరిన టేకు బయటికి పోతోంది, కొయ్య పీచును జిగురుతో ఒత్తిన పలక లోపలికి వస్తోంది. ఈ మారకంలో మనమే నష్టపోతున్నామని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చెక్కకు లోహం, దారం, రంగు, గాజు, తోలు జోడించి కళాఖండాలు, ఇంటి అలంకరణ వస్తువులు చేసే పని ఇవాళ నగరాల్లో మిక్స్‌డ్ మీడియా పేరుతో బాగానే నడుస్తోంది. శని, ఆదివారాల్లో తరగతులు నడుస్తున్నాయి, సామగ్రి పెట్టెలు అమ్ముడవుతున్నాయి. ఆ పని ఈ రెండు జిల్లాల్లో కళగానూ బతుకుతెరువుగానూ నిలవగలదా, నిలవాలంటే దేని మీద నిలవాలి అన్నది ఇక్కడి ప్రశ్న. నిలవగలదు. దానికి కావలసిన సరుకంతా ఇక్కడే ఉంది. విడిపోయినవి చేతులు. వడ్రంగి ఒక దిక్కు, నేతగాడు ఒక దిక్కు, ఇత్తడి పనివాడు మరో దిక్కు, చిత్రకారుడు హైదరాబాద్‌లో.

నిజానికి ఈ ప్రాంతంలో కొయ్య ఎన్నడూ ఒంటరిగా లేదు. ఇంటి దర్వాజనే చూడండి. టేకు లేదా వేప చెక్క, దాని మీద ఇత్తడి పువ్వులు, ఇనుప గొలుసు, గడపకు పసుపు కుంకుమ, పైన మామిడాకు. దర్వాజ నిలబెట్టడానికి ముహూర్తం చూసి, ఆ రోజు వడ్ల ఆయనకు కొత్త బట్టలు పెట్టే ఆచారం చాలా ఊళ్లలో ఇంకా ఉంది. గుడిలో ఊరేగింపు వాహనాలు కూడా లోపల కొయ్యే, పైన ఇత్తడో వెండో రేకు. ఆ రేకు పనికి పేరుపడ్డ పెంబర్తి, పాత నల్లగొండ జిల్లా చివరి ఊళ్లలో ఒకటైన ఆలేరు దాటి జనగామ వైపు పోతే వస్తుంది. అక్కడ ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క పరుపు మీద పరిచి, ఉలితో సుత్తెతో కొట్టి బొమ్మ ఉబికేలా చేస్తారు. తర్వాత దాన్ని కొయ్య మీద తొడిగి మేకులు దించుతారు. ధ్వజస్తంభాల తొడుగులు, గుడి తలుపుల పలకలు, గరుడ, హనుమ వాహనాలు ఆ పద్ధతిలో తయారైనవే. కొయ్య బరువు మోస్తుంది, లోహం వెలుగునిస్తుంది. రెండింటి పనీ వేరు, అందుకే వాటి జత కుదిరింది.

ఇంతకంటే గొప్ప ఉదాహరణ పాలమూరులోనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు లోకమంతా ఆయన పాటను విన్నది, చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెరను అంతగా చూడలేదు. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు, బిగించిన తంతులు. అడవి, చేను, తేనెపట్టు ఒక్క వాద్యంలో కలిశాయి. 2024లో పద్మశ్రీ అందుకున్న నారాయణపేట జిల్లా దామరగిద్ద కళాకారుడు దాసరి కొండప్ప వాయించే బుర్రవీణ కూడా వెదురు, సొరబుర్ర, లోహపు తీగలు కలిసిన వాద్యమే. ఈ రెండింటిలో ఏ పదార్థమూ అలంకారం కోసం రాలేదు. మెట్టును మైనంతో అతికించడానికి కారణం ఉంది. శ్రుతి తప్పితే మైనాన్ని వేడి చేసి మెట్టును జరుపుకోవచ్చు. మేకు కొడితే ఆ వెసులుబాటు పోతుంది. రెండు పదార్థాలను ఎందుకు కలుపుతున్నామో తెలిసి కలిపితే పని ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పడానికి కిన్నెర చాలు. మన కళాశాలల్లో శిల్పం నేర్చుకునే పిల్లలకు తొలి ఏడాదిలోనే ఒక కిన్నెరను విప్పి, మళ్లీ కట్టించాలని నా కోరిక.

లోహపు తొడుగు, వాద్యం తర్వాత మూడో తోవ నకాషీ కళాకారులది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, అక్కడి నకాషీలు చేసిన బొమ్మలు, పటాలు నల్లగొండ పల్లెల దాకా తిరిగాయి. గొల్లల కథలు చెప్పే మందెచ్చుల వాళ్లు వరుసగా నిలబెట్టే కొయ్యబొమ్మలు వీరి చేతి పనే. తేలికైన పొణికి కర్రను చెక్కుతారు. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి ముద్ద చేసి, ముక్కు, కనుబొమ్మ, నగ లాంటి సన్నని భాగాలు దిద్దుతారు. పైన తెల్ల సుద్ద పూత, ఆ తర్వాత రంగు. చేర్యాల మాస్కుల్లో అయితే కొబ్బరి చిప్ప మీదనే ఆ పొట్టు ముద్ద పరుస్తారు. కొండపల్లిలో ఇదే ముద్దను మక్కు అంటారు, భాగాలను అతకడానికీ వాడతారు. చెక్కగా మిగిలిన చెత్త మళ్లీ బొమ్మలోకే పోవడం ఈ పద్ధతిలోని అందం. ఇవాళ బజారులో కొనే ఎండీఎఫ్ కూడా కొయ్య పీచూ జిగురే. తేడా ఏమిటంటే దాంట్లో వాడే జిగురు చాలావరకు యూరియా ఫార్మాల్డిహైడ్, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, నీళ్లు తగిలితే ఉబ్బి పగులుతుంది. చింతగింజల ముద్దకు పురుగు భయం ఉంది గానీ మనిషికి చేసే కీడు లేదు. జిగురులో కాస్త బోరిక్ పొడి కలిపితే ఆ పురుగు భయం తగ్గుతుంది.

ప్రపంచ కళలోనూ ఈ కలయికకు వందేళ్ల చరిత్ర ఉంది. 1912లో పికాసో కాన్వాస్ మీద కుర్చీ పేము అల్లిక అచ్చు ఉన్న ఆయిల్ క్లాత్ అతికించి చుట్టూ తాడు చుట్టాడు. లూయీస్ నెవెల్సన్ న్యూయార్కులో పారేసిన కొయ్య ముక్కలు, కుర్చీ కాళ్లు, పాత ఇళ్ల నగిషీలు ఏరి పెట్టెల్లో పేర్చి, మొత్తానికి నల్ల రంగు వేసి గోడంత శిల్పాలు నిలబెట్టింది. 1958 నాటి స్కై కేథడ్రల్ వాటిలో పేరున్నది. కూలిన ఇళ్ల కలపతో ఏం చేయవచ్చో ఆమె పని చూస్తే ధైర్యం వస్తుంది. అయితే ఆమె ఆ కొయ్యలన్నిటి చరిత్రనూ ఒకే నలుపులో ముంచింది. మన దర్వాజల మీద పొరలు పొరలుగా ఉన్న జాజు, సున్నం, ఆకుపచ్చ ఎనామిల్ రంగులను అలా కప్పేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ పొరల్లోనే ఆ ఇంటి వయసు ఉంది.

ఇక సరుకు సంగతి. పాత ఇంటి కలప విలువ దాని వయసులో ఉంది. పచ్చి కొయ్య ఆరేటప్పుడు పొడవున దాదాపు కుంచించుకుపోదు, అడ్డంగా కుంచించుకుపోతుంది. అందులోనూ వలయాల వెంట తగ్గుదల, కేంద్రం వైపు తగ్గుదల కంటే సుమారు రెట్టింపు. అందుకే పలకలు వంకర పోతాయి, పగుళ్లిస్తాయి. పాలమూరు ఎండాకాలపు పొడిగాలికి ఈ బాధ మరీ ఎక్కువ. తరాల పాటు కప్పు కింద ఉన్న దూలం ఈ కుంచించుకుపోవడం ఎప్పుడో ముగించుకుంది. దాని మీద ఇత్తడి రేకు కొట్టినా, గుడ్డ బిగించినా, గాజు పొదిగినా కదిలే భయం తక్కువ. అయినా పూర్తిగా కదలకుండా ఉండదు. వానాకాలంలో కాస్త ఉబ్బుతుంది. కాబట్టి రేకుకు ఒక వైపు బిగువు మేకులు, రెండో వైపు కొంచెం పొడుగు రంధ్రాల్లో మేకులు వేయాలి. గాజుకైతే చుట్టూ సన్నటి సందు వదలాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన సూత్రం ఇదే. తరగతుల్లో దీన్ని వదిలేసి నేరుగా రంగులకు పోతున్నారు.

పాత కలపలో రెండు ప్రమాదాలూ ఉన్నాయి. మొదటిది పురుగు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కథ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏడు వందల ఏళ్ల వయసు, మూడెకరాల విస్తీర్ణం అని చెప్పుకునే ఆ మర్రికి చెద పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగింది. మరుసటి ఏడాది అధికారులు సెలైన్ సీసాల ద్వారా క్లోరిపైరిఫాస్ మందును చుక్కచుక్కగా ఎక్కించి కాపాడారు. బతికి ఉన్న చెట్టునే వదలని చెద, ఎండు దూలాన్ని వదులుతుందా? తెచ్చిన కలపను ఇంట్లో పెట్టే ముందు సుత్తెతో తట్టి డొల్ల శబ్దం వినాలి, పిండి రాలే సన్న రంధ్రాలు వెతకాలి, పుచ్చిన భాగం కోసేయాలి, మిగతాదానికి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పట్టించి పూర్తిగా ఆరనివ్వాలి. రెండో ప్రమాదం కంటికి కనిపించదు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం దశలక్షకు 90 వంతులు మించరాదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు రంగు వేసిన దర్వాజను ఎండు గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి గీకాలి, మాస్కు కట్టుకోవాలి, గీకిన పొడిని మూటగట్టి దూరంగా పెట్టాలి. రంగు పొరలను ఉంచాలనుకుంటే ఇంకా మేలు. పైన పారదర్శకమైన పూత వేసి మూసేస్తే దుమ్మే లేవదు.

పాత ఇళ్లలోనే కాదు, తోటల్లోనూ కొయ్య ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నల్లగొండ అంటే బత్తాయి. కాపు తగ్గిన తోటలను, బోర్లు ఎండి చచ్చిన చెట్లను పీకి వంటచెరకుకు అమ్మేస్తారు. బత్తాయి కొయ్య లేత పసుపు, సన్నని పోగు, గట్టిదనం ఉన్న కొయ్య. పెద్ద పలకలు రావు గానీ గిన్నెలు, కొక్కేలు, తలుపు పిడులు, దీపపు కుదుళ్లు, పొదుగుడు ముక్కలు తీయడానికి భలే అనువు. కోసిన వెంటనే చివరలకు మైనమో రంగో పూసి నీడలో నెమ్మదిగా ఆరబెట్టకపోతే చీలుతుంది, అదొక్కటే జాగ్రత్త. కొల్లాపూర్ మామిడి తోటల సంగతీ అంతే. మామిడి చెక్కతో చేసిన బల్లలు దేశమంతటా అమ్ముడవుతున్నాయి, మన దగ్గర మాత్రం ముసలి మామిడి దుంగ ప్యాకింగ్ పెట్టెల పాలవుతుంది. మామిడికి పురుగూ బూజూ త్వరగా పడతాయి. కోత ఆలస్యం కాకూడదు. బూజు వల్ల వచ్చే నీలి, నల్ల చారలను కొందరు కొయ్య కళాకారులు కావాలనే వెతుక్కుంటారు.

తుమ్మ గురించి కూడా చెప్పాలి. తుమ్మలో వగరు గుణం ఎక్కువ, ఇనుము తగిలిన చోట నల్లబడుతుంది. పాత బండ్లలో మేకుల చుట్టూ కనిపించే నల్ల మచ్చలు అవే. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి చేసే కసిమిని తుమ్మ పలక మీద పూస్తే రంగు డబ్బా అక్కర్లేకుండా నలుపు వస్తుంది. కలంకారీ వాళ్ల రసాయనాన్ని పాలమూరు తుమ్మ మీద వాడుకోవడం వంటి కలయికలే నాకు ఎక్కువ ఆశ పుట్టిస్తాయి. తాటి సంగతికొస్తే, ముదిరిన చెట్టు బయటి వలయం ఇనుమంత గట్టి, నల్లటి పోగులతో అందంగా ఉంటుంది, లోపలంతా మెత్తని బెండు. దూలాలకు, వాసాలకు మన పెద్దలు ఆ బయటి భాగాన్నే వాడారు. కానీ తాడు గీత కార్మికుల బతుకు. అలంకరణ కోసం ఒక్క తాడిచెట్టును కూడా నరకకూడదు. కూలిన ఇళ్ల తాటి దూలాలే చాలినన్ని ఉన్నాయి.

కొయ్యకు దారం జతపడే అవకాశం ఈ రెండు జిల్లాలకున్నట్టు మరోచోట లేదు. నల్లగొండ వైపు పోచంపల్లి, పుట్టపాక, పాలమూరు వైపు గద్వాల, నారాయణపేట, అన్నీ నేతకు పేరుపడ్డవే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం, నేతకు ముందు చేతితో దారం చుట్టే ఆసు పనిలో తల్లి చేతుల కష్టం చూడలేక ఆసు పోసే యంత్రాన్ని తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం వచ్చిన ఇళ్లలో పాత చేతి ఆసులు మూలకు చేరాయి. మగ్గం మానేసిన ఇళ్లలో నాడెలు, కండెలు, మగ్గపు కొయ్యలు అటక మీద ఉన్నాయి. ఎన్నో ఏళ్ల చేతి రాపిడికి నునుపెక్కిన ఆ కొయ్యకు ఏ పాలిషూ సాటి రాదు. పడుగు చివర కత్తిరించిన రంగు దారాల తునకలు, నేతలో తప్పు పడి అమ్ముడుపోని ఇక్కత్ ముక్కలు కూడా ఉన్నాయి. పాత టేకు చట్రంలో మగ్గంలాగే పడుగు బిగించి, చిన్న ఇక్కత్ పలక నేసి గోడకు వేలాడదీస్తే అది నేతా అవుతుంది, వడ్రంగమూ అవుతుంది. ఒక జాగ్రత్త: టేకులో సహజంగానే నూనె ఉంటుంది, నేరుగా తగిలితే పట్టు మీద మరక దిగుతుంది. మధ్యలో కడిగిన నూలు గుడ్డో మంచి కాగితమో వేయాలి. దేవరకొండ, అచ్చంపేట తండాల లంబాడా అద్దాల కుట్టుకూ ఇదే వర్తిస్తుంది. ఆ కుట్టును జిగురుతో అతికించి పాడుచేయకుండా, చట్రానికి దారంతో కుట్టి బిగించాలి. అప్పుడు దుమ్ము పడితే విప్పి ఉతుక్కోవచ్చు.

రెజిన్ గురించి నా అభిప్రాయం దాచుకోను. నీలం రంగు ఎపాక్సీ పోసి చెక్క మధ్యలో నది పారినట్టు చేసే బల్లలు మొదట చూసినప్పుడు బాగానే ఉంటాయి. కానీ ఎండ తగిలితే అది పసుపెక్కుతుంది, తడి ఉన్న చెక్క మీద పోస్తే పట్టు వదులుతుంది, గీత పడితే ఇంట్లో సరిచేసుకోలేం. పగులును పూడ్చడానికి అయితే మన దగ్గర ఇంకో పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా ఇత్తడి కుట్లు వేసి, కనిపించేలానే వదిలేయడం. పెంబర్తి పనివాడికి అది అరగంట పని. కృష్ణ, తుంగభద్ర, మూసీ నిజంగా పారే నేల మీద ప్లాస్టిక్ నదిని కొనుక్కోవాల్సిన అవసరం నాకు కనిపించదు.

విజయవాడ జాతీయ రహదారి మీద, కర్నూలు వైపు రహదారి మీద దాబాల ముందు, రిసార్టుల గేట్ల దగ్గర ఎద్దుబండి చక్రాలు నిలబెట్టడం మరో ధోరణి. బండి చక్రం వడ్రంగి, కమ్మరి కలిసి చేసిన పనుల్లో అత్యంత కష్టమైనది. కుందె, ఆకులు, పూటీలు విడివిడిగా చెక్కి, బిగించి, చివరికి కాల్చిన ఇనుప పట్టా తొడిగి నీళ్లు పోస్తారు. పట్టా చల్లారి బిగుసుకుని మొత్తం చక్రాన్ని ఒక్కటిగా పట్టేస్తుంది. దాన్ని ఎండకు వానకు వదిలేసి మెరుపు రంగు కొట్టడం కళ కాదు, చక్రం చావు. కప్పు కింద పెట్టి, ఆముదమో అవిసె నూనెనో పట్టించి, ఏ ఊరి బండిదో రాసి పెడితే దాని విలువ దానికి దక్కుతుంది. ఊరి పేరు రాయడం ఎందుకంటే, ఈ నేల మీద కొన్ని ఊళ్లు పేరుగానే మిగిలాయి. శ్రీశైలం జలాశయం కింద 1980ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయిగా విప్పి ఎత్తు మీద మళ్లీ కట్టారు. ఇళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. ఆ ఊళ్లవారి దగ్గర మిగిలిన దర్వాజో, సందుగో, ఉయ్యాల కర్రో ఏదైనా ఉంటే దాన్ని అలంకరణ వస్తువుగా మార్చే ముందు ఫొటో తీసి, కొలతలు రాసి పెట్టుకోవాలి.

వ్యాపారం వైపు చూస్తే ఒక హెచ్చరిక, ఒక పోలిక, ఒక ఆశ ఉన్నాయి. తమిళనాడు కారైక్కుడిలో చెట్టియార్ల ఇళ్ల స్తంభాలు, తలుపులు అమ్మే వీధే వెలిసింది. కొనేవాళ్లు దేశవిదేశాల నుంచి వస్తారు, ఇళ్లు మాత్రం కరిగిపోయాయి. జోధ్‌పూర్ పాత కలపతో బల్లలు, అల్మారాలు చేసి ఎగుమతి చేస్తుంది, అక్కడ కనీసం పని అక్కడి వడ్రంగికే దక్కుతుంది. మన దగ్గర కలపా బయటికే, పనీ బయటికే. ఆశ ఏమిటంటే, పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు ఇచ్చింది, చీరల కోసం వచ్చేవాళ్లు అక్కడికి ఎలాగూ వస్తున్నారు. గోల్కొండ పేరుతో నడిచే ప్రభుత్వ హస్తకళల దుకాణాలూ ఉన్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. రంపం, డ్రిల్లు వస్తాయి, మంచిదే. కానీ వడ్రంగికి ఇవాళ కరువైనది రంపం కాదు, కొత్త నమూనా, దాన్ని అడిగే కొనుగోలుదారు. ప్లైవుడ్, యూపీవీసీ కిటికీలు వచ్చి అతని దర్వాజ పనిని తినేశాయి. ఈ పథకంలో శిక్షణ తీసుకునే వడ్రంగిని వారం రోజులు పెంబర్తికి, వారం రోజులు పుట్టపాకకు పంపితే అయ్యే ఖర్చు ఎంతని?

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. సొంత పట్టా పొలంలో చెట్టు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉద్దేశించిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, టేకు లాంటి కలపను తరలించాలంటే అటవీ శాఖ రవాణా పర్మిట్ అడుగుతారు. కూల్చిన ఇంటి కలప కొనేవాళ్లు అది ఏ ఇంటిదో యజమానితో రాయించుకుని, పంచాయతీ ముద్ర వేయించుకుంటే దారిలో చిక్కు తగ్గుతుంది.

ఆ కాగితాన్నే వస్తువు వెనక అతికించమని చేసేవాళ్లందరికీ నా మనవి. ఫలానా ఊరి ఫలానా ఇంటి వేప దూలం, చెక్కిన వడ్రంగి పేరు, రేకు కొట్టినవారి పేరు, దారం బిగించినవారి పేరు, ఎవరికి ఎంత కూలి ముట్టింది. ఎగ్జిబిషన్‌లో చిత్రకారుడి పేరు పక్కనే అదే సైజు అక్షరాల్లో ఈ పేర్లూ ఉండాలి, అమ్మిన ధరలో వాటా కూడా ముందే రాసుకోవాలి. ఇంత చేస్తే ధర కాస్త ఎక్కువే అవుతుంది, కొనేవాళ్లు తక్కువే దొరుకుతారు. మొదటి కొనుగోలుదారులు ఎవరో కూడా నాకు తెలుసు: సొంత ఊళ్లో తాత ఇల్లు కూలగొట్టి, అమెరికాలోనో హైదరాబాద్‌లోనో కొత్త గోడ కట్టుకున్న మనవళ్లు, మనవరాళ్లు. ట్రాక్టరు వాడికి ఫోన్ చేసే ముందు ఒక దూలం, ఒక దర్వాజ పక్కన పెట్టించమని ముందు వాళ్లకే చెప్పాలి.